గట్టితనమును కాఠిన్యమును

చదువుకొనవలసిన భాగములు: సంఖ్యాకాండము 20:1–13, మత్తయి 18:15, 2 కొరింథీయులకు 2:5–8



ఇతరుల తప్పును దిద్దవలసినవాడు గట్టివాడై యుండవలెనా, మెత్తనివాడై యుండవలెనా? తండ్రియైనను, తల్లియైనను, బడిపంతులైనను, సంఘపు పెద్దయైనను, కాపరియైనను ఏదో ఒకనాడు ఈ ప్రశ్నను ఎదుర్కొనక తప్పదు. గట్టిగా మాటలాడినయెడల బిడ్డ విరిగిపోవునేమో యని ఒక భయము. మెత్తగా మాటలాడినయెడల బిడ్డ చెడిపోవునేమో యని మరియొక భయము. ఈ రెండు భయముల నడుమ మనలో అనేకులము ఆనాటి కోపమునుబట్టియో, ఆనాటి అలసటనుబట్టియో నడచుకొందుము గాని ఆలోచించి నడచుకొనము. మేమును అట్లే నడచితిమి. దానివలన కలిగిన నష్టమును గూర్చియు, ఒక కమ్మరి కొలిమియొద్ద మేము నేర్చుకొనిన సంగతిని గూర్చియు ఈ నెల మీకు వ్రాయుచున్నాము.

మా ఈపూరు మండలము 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన పల్నాడు జిల్లాలోనిది, వినుకొండ నియోజకవర్గములో చేరినది. మిరపయు ప్రత్తియు పండించు ప్రజలము. పల్నాటివారికి రాయి క్రొత్త కాదు. మాచర్ల నాపరాళ్లు, పిడుగురాళ్ల సున్నము ఎరుగనివారు మనలో లేరు. గత వేసవిలో మా ఆలయపు ప్రహరీగోడకు రాళ్లు చెక్కించుచుంటిమి. పనివాడొకడు అంగడిలో క్రొత్తగా కొనిన సుత్తితో ఉలిమీద కొట్టుచుండగా, సుత్తి మొగమునుండి గోరంత పెచ్చు లేచి అతని ముంజేతిలో దిగెను. రక్తము బాగుగా కారెను. కంటికి తగలలేదు గనుక దేవునికి స్తోత్రము చెప్పుకొని, మరునాడు ఆ సుత్తిని తీసికొని ఊరి కొలిమికి వెళ్లితిమి.

కొలిమి ఆచారిగారు డెబ్బది యేండ్లు దాటిన వృద్ధుడు. తుమ్మ మొద్దుమీద దాగలి, ప్రక్కను నీళ్ల తొట్టి, గోడకు వ్రేలాడు పట్టుకార్లు, ఉలులు, ఒక మూలను బొగ్గుల బస్తాలు, ఇదియే ఆయన సంపద. పూర్వము నాగటి కర్రులు సాగగొట్టించుకొనుటకు రైతులు తెల్లవారకముందే వచ్చి వరుసను కూర్చుండెడివారట. పంట నూర్చిన తరువాత కళ్లములోనే ఆయన తండ్రికి మేర కొలిచి యిచ్చెడివారట. ట్రాక్టర్లు వచ్చినవి, కర్రులు పోయినవి, మేరయు పోయినది. ఇప్పుడు కొడవళ్లు, గొడ్డళ్లు, గడ్డపారల మొనలు, రాతిపనివారి ఉలులు, వీటితోనే ఆయన రోజు గడచుచున్నది. కూలి రూపాయలలోనే.

మేము అరుగుమీద కూర్చుంటిమి. ఈ మాట వ్రాయుటకు కారణము కలదు. ఆ కొలిమికి ఇప్పుడు గాలి విసరునది చేతితో త్రిప్పు ఇనుప పంకా. మునుపు తోలుతిత్తి యుండెడిది. ఆ తిత్తులకు తోలు ఊనినవారును, వాటిని కుట్టినవారును మన సంఘపు పెద్దల తాతలు. వారు కుట్టిన తిత్తి ఊపిరి పోయనిదే ఆ కొలిమిలో నిప్పు రాజుకొనెడిది కాదు. అయినను ఆ అరుగుమీద కూర్చుండు మర్యాద వారికి లేకుండెను. కాఠిన్యము ఒక్కని హృదయములోనే కాదు, ఊరి మర్యాదలోను గూడు కట్టుకొని యుండగలదు. మేము కూర్చున్నప్పుడు ఆచారిగారు తన భుజముమీది తువ్వాలుతో అరుగు దులిపెను. ఆయన ఏమియు అనలేదు, మేమును ఏమియు అనలేదు.

సుత్తిని చేతికిచ్చితిమి. ఆయన దాని మొగమును వెలుతురుకు త్రిప్పి చూచి, ఆకురాయితో ఒకసారి రాచెను. ఆకురాయి జారిపోయెను.

"చూశారా అయ్యగారూ, ఆకురాయి కూడా పట్టటం లేదు. గట్టిదే, కాదనను. కానీ దీనికి ఓర్పు లేదు. ఒట్టి గట్టిదైతే ఇట్టాగే పెచ్చులు లేస్తుంది."

"అయితే మెత్తనిది కావలెనా ఆచారిగారూ?" అని యడిగితిమి.

ఆయన నవ్వి, దాగలి ప్రక్కనున్న తన పాత సుత్తిని తీసి చూపెను. దాని మొగము అణగి, అంచులు చుట్టును గొడుగువలె విచ్చుకొని క్రిందికి వ్రాలియుండెను. "ఇది మెత్తది. కొట్టీ కొట్టీ ఇట్టా అయింది. ఈ అంచులు చూడండి, ఇవి కూడా ఒకనాడు ఎగిరి ఎవరికో తగులుతాయి. గట్టిదాంతోనూ గాయమే, మెత్తదాంతోనూ గాయమే. ఇవ్వాళ నాకు కొత్తది చేసుకుంటున్నా. తీరిక ఉంటే కూర్చోండి."

మేము వచ్చిన పని ఐదు నిమిషములది. ఆ మాట విని మధ్యాహ్నము దాటువరకు కూర్చుంటిమి.

ఆయన తీసికొనినది పాత లారీ ఇరుసు ముక్క. దాదాపు నాలుగున్నర సెంటీమీటర్ల మందము, పది సెంటీమీటర్ల పొడవు, తూకము కిలోంపావు. ఏ ఇనుమైనను సుత్తికి పనికిరాదు. ఇనుములో బొగ్గుపదార్థము, అనగా కర్బనము, నూటికి పావు పాలుకన్న తక్కువ యున్నయెడల దానిని ఎంత కాల్చి నీట ముంచినను చాలినంత గట్టిపడదు. నూటికి అరపాలు ప్రాంతమున నున్నది సుత్తికి తగినది. ఒకటి రెండు పాళ్లున్నది మిక్కిలి గట్టిది. గోల్కొండ రాజ్యములోనిదై, నేడు నిజామాబాదు జిల్లాలో నున్న కోనసముద్రములో మూసలలో కరగించి తీసిన ఉక్కు అట్టిదే. దానికొరకు పారసీక దేశపు వర్తకులు అంత దూరమునుండి వచ్చెడివారు, దానితో పేరుపొందిన కత్తులు చేయించెడివారు. మన భాషలలోని ఉక్కు అను మాటయే మారి ఊట్జ్ అను పేరుతో పడమటి దేశముల పుస్తకములకెక్కినదని పండితులందురు. అయితే ఆ ఉక్కును కొంచెము ఎక్కువ వేడిచేసి కొట్టినయెడల పొడిపొడియగును. కత్తికి కీర్తి తెచ్చిన ఉక్కు సుత్తికి తగినది కాదు. కోయుట ఒక పని, మలచుట మరియొక పని.

ముక్క కొలిమిలో ఎఱ్ఱబడి, తరువాత నారింజపండు రంగు దాటి పసుపు తిరిగెను. అప్పుడు దానిని పట్టుకారుతో తీసి దాగలిమీద పెట్టి, నడుమ కామ దూరు రంధ్రమును పొడువ నారంభించిరి. ఆచారిగారు ఉలి పట్టుకొనగా మనుమడు సమ్మెటతో కొట్టెను. నాలుగు దెబ్బలకు ఒకసారి ఉలిని తీసి నీళ్లలో ముంచుటయు, అది అంటుకొనకుండ రంధ్రములో చిటికెడు బొగ్గుపొడి చల్లుటయు చూచితిమి. ఒక ప్రక్కనుండి సగము, రెండవ ప్రక్కనుండి సగము. ఇనుము రంగు తగ్గగానే, ఇంక రెండు దెబ్బలతో పని పూర్తియగునని మాకు తోచినను, ఆయన ఆపి మరల నిప్పులో పెట్టెను. చల్లారిన ఇనుమును కొట్టినయెడల అది సాగదు, లోపల పగులును. పగులు ఆనాడు కనబడదు, ఏడాది తరువాత కనబడును.

రంధ్రము నడుమ సన్నముగాను, రెండు ప్రక్కల కొంచెము వెడల్పుగాను నుండవలెనట. కామ ఒక ప్రక్కనుండి దూరి నడుమ బిగిసికొనును, రెండవ ప్రక్కను చెక్క చీల కొట్టగానే అక్కడ విచ్చుకొని, ఇక ఎటును ఊడిరాదు. ద్వితీయోపదేశకాండము 19వ అధ్యాయములో, చెట్టు నరుకుచుండగా గొడ్డలి పిడినుండి ఊడి పొరుగువానికి తగిలి అతడు చనిపోయిన సంగతి మాకు జ్ఞాపకమునకు వచ్చెను. కొట్టినవానికి పగ లేదు, ఉద్దేశము మంచిదే. అయినను పొరుగువాడు చచ్చెను. మంచి ఉద్దేశము చాలదు, పనిముట్టు బిగువుగా నుండవలెను.

తరువాత ఒక కొనను చదరముగా మొగము తీర్చిరి, రెండవ కొనను సన్నముగా సాగదీసిరి. మొగము నున్నగా నుండినను పలకవలె చదునుగా లేదు. నడుమ వెంట్రుకవాసి ఉబ్బుగా నుంచి అంచులను గుండ్రముగా రాచిరి. అంచు పదునుగా నున్నయెడల వంకరగా పడిన ప్రతి దెబ్బకు ఇనుముమీద మచ్చ పడునట.

పని చేయుచునే ఆచారిగారు తన తండ్రి సంగతి చెప్పెను. నాగార్జునసాగరు కట్టునప్పుడు ఆయన అక్కడ రాతిపనివారి ఉలులకు పదును పెట్టెనట. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన ఆ ఆనకట్ట రాతి కట్టడము. ఆ రాతి భాగము పొడవు 4,756 అడుగులు, పునాదినుండి ఎత్తు 409 అడుగులు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీళ్లు వదలిరి. వేలమంది స్త్రీపురుషులు తలలమీద రాయి మోసి కట్టిన ఆ గోడవెనుక లెక్కలేనన్ని సుత్తుల దెబ్బలున్నవి. మన పల్నాటి పొలములకు కుడి కాలువ నీళ్లు వచ్చినది ఆ దెబ్బలవలననే. కాబట్టి దెబ్బ అనునది దానంతట అది చెడ్డది కాదు.

ఇక పదును పెట్టుట. ప్రియ చదువరీ, మేము చెప్పదలచిన మాటయంతయు ఇక్కడనే యున్నది గనుక నిదానించి చదువుము.

రూపు దిద్దిన సుత్తిని ముందుగా బూడిదలో పెట్టి, తినవలసిన దెబ్బలన్నియు తినిన ఇనుము విశ్రాంతి పొందునట్లు మెల్లగా చల్లారనిచ్చిరి. మరల కాల్చిరి. ఈసారి పసుపు రంగు వరకు కాదు, పండిన రేగుపండు ఎఱుపు వరకే. ఆచారిగారు పాత రేడియోలోనుండి తీసిన అయస్కాంతము నొకదానిని తీగకు కట్టి ఉంచుకొనియుండెను. ఎఱ్ఱబడిన ఇనుమునకు దానిని చూపెను. అంటుకొనలేదు. ఇనుము అయస్కాంతమును విడిచిపెట్టు ఆ వేడి సుమారు 770 డిగ్రీలు. అప్పుడు సుత్తి మొగమును నీళ్లలో ముంచి, త్రిప్పి రెండవ కొనను ముంచి, మార్చి మార్చి రెండు కొనలను చల్లార్చెను. నడుమను, అనగా కామ దూరు చోటును, ఒక్కసారియు ముంచలేదు.

"ఇప్పుడిది గాజు. ఇప్పుడు కొడితే మీ సుత్తిలాగానే పెచ్చు లేస్తుంది" అనెను.

వెంటనే మొగమును ఇసుకరాతితో రాచి తెల్లగా మెరిపించి, కన్నార్పక చూచుచుండెను. మేమును వంగి చూచితిమి. నడుమవైపునుండి మెరుగుమీద సన్నని రంగు ప్రాకివచ్చెను. మొదట ఎండుగడ్డి రంగు, దాని వెనుక తేనె రంగు, దాని వెనుక వంకాయ రంగు, వాటికి వెనుక దూరముగా నీలము. రంగులు ఒకదానినొకటి త్రోసికొనుచు మొగమువైపు నడచుచుండెను.

"ఆ రంగు ఎక్కడినుండి వచ్చుచున్నది ఆచారిగారూ? మరల నిప్పులో పెట్టలేదు గదా?"

"లోపల వేడి ఉందిగా అయ్యగారూ. నడుము ముంచలేదు. అది దాచుకున్న వేడి ఇప్పుడు బయటికొచ్చి మొగాన్ని దిద్దుతుంది. గట్టితనం కొంచెం తగ్గుతుంది, ఓర్పు వస్తుంది. మీ సుత్తి చేసినవాళ్ళు మొత్తం ఒకేసారి ముంచి వదిలేశారు. దాని లోపల ఏమీ మిగల్లేదు."

తేనె రంగు మొగము అంచునకు చేరగానే ఆయన సుత్తిని నీళ్లలో వేసెను. తొట్టి ఒక్కసారి బుసకొట్టి ఊరకుండెను. మేమును ఊరకుంటిమి. దాని లోపల ఏమియు మిగులలేదు అను మాట మాకు ములుకువలె గ్రుచ్చుకొనెను.

ఐదేండ్ల క్రిందటి సంగతి. మా సంఘపు యౌవనుల సమాజపు లెక్కలు ఒక యువకుడు వ్రాయుచుండెను. చురుకైనవాడు, పాటలు చక్కగా పాడువాడు. ఒక నెల లెక్క చూడగా 1,800 రూపాయలు తక్కువ పడెను. అడుగగా మొదట మరచితిననెను, తరువాత మరియొకరి పేరు చెప్పెను. అబద్ధమని మాకు రూఢియాయెను. ఆ ఆదివారము ప్రసంగము ముగించి, సంఘమంతటి యెదుట అతనిని లేపి నిలువబెట్టి, సంగతి చెప్పి, గద్దించితిమి. మా మాటలలో అసత్యము ఒక్కటియు లేదు. గొంతు వణకలేదు. నీతి పక్షమున నిలిచితిమని ఆ మధ్యాహ్నము కడుపార భోజనము కూడ చేసితిమి.

ఆ యువకుడు మరల ఆలయమునకు రాలేదు. రెండు నెలల తరువాత, ఆ సొమ్ము తల్లి ఆసుపత్రి మందులకు వాడెననియు, మిరపకోత కూలి రాగానే తిరిగి పెట్టవలెనని యుండెననియు ఇతరులవలన తెలిసెను. అది తప్పు కాదని మేమనము. సమాజపు సొమ్ము అడుగక తీయుట తప్పే, అబద్ధమాడి మరియొకని పేరు చెప్పుట ఇంకను పెద్ద తప్పు. అయితే మేము అతనిని ఒంటరిగా పిలిచి, ఎందుకు తీసితివి బాబూ అని ఒక్క మాట అడుగలేదు. అతడు పిడుగురాళ్లకు పోయి సున్నపు బట్టీలో పనికి కుదిరెను. తల్లి మాత్రము నేటివరకు ప్రతి ఆదివారము వచ్చి మూడవ వరుసలో కూర్చుండును. మమ్మును ఒక్క మాట అనలేదు. ఆమె ఏమియు అనకపోవుటయే మాకు ప్రతి ఆదివారము ఒక దెబ్బ.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వత్తము. గట్టిగా నుండుట తప్పా? కాదు. ఏలీ అను యాజకుడు తన కుమారులు దేవుని అర్పణలను దోచుకొనుచుండుట యెరిగియు వారిని అడ్డగింపలేదు. ఆ మెత్తదనమువలన అతని యిల్లే గాక ప్రజలును నష్టపడిరి. గొడుగువలె విచ్చుకొనిన పాత సుత్తి అట్టిది. దానితో ఏ పనియు సాగదు, తుదకు దాని ముక్కయే ఎగిరి ఎవనికో తగులును. కాబట్టి సుత్తికి మొగము గట్టిగానే యుండవలెను. తప్పును తప్పని చెప్పలేనివాడు దిద్దలేడు.

అయితే గట్టితనము వేరు, కాఠిన్యము వేరు. గట్టితనము మొగమునకు చెందినది, తప్పును తాకు చోట నుండవలసినది. కాఠిన్యము నడుమ వరకు వ్యాపించినది. బయటినుండి చూచినయెడల రెండును ఒక్కటే, ఆకురాయి రెండింటిమీదను జారును. దెబ్బ పడినప్పుడు మాత్రమే భేదము తెలియును. ఇతరుని దిద్దుటకు పూనుకొనినవాడు తన్ను తాను అడుగుకొనవలసినది నేను గట్టిగా నున్నానా యని కాదు. నా నడుమను ఏమైనను వేడి మిగిలియున్నదా, ఇతడు బాగుపడవలెనని నేను నిజముగా కోరుచున్నానా, లేక నేను నీతిమంతుడనని పదిమందికి తెలియవలెనని కోరుచున్నానా? ఆ ఆదివారము మమ్మును ఈ ప్రశ్న అడిగినవారుంటే మేము ఏమి చెప్పియుందుమో వ్రాయుటకు సిగ్గుపడుచున్నాము.

గ్రీకు జ్ఞానియగు అరిస్టాటిల్ తన నీతిశాస్త్రములో ఈ సంగతిని చర్చించెను. కోపపడుట ఎవనికైనను సులభమే గాని, తగినవానిమీద, తగినంత మేరకు, తగిన సమయమున, తగిన కారణముచేత, తగిన రీతిని కోపపడుట అందరికి సాధ్యము కాదని అతని భావము. మా గద్దింపులో మనిషి తగినవాడే, కారణము తగినదే. సమయమును, చోటును, కొలతయు తప్పినవి. ఐదింటిలో మూడు తప్పినప్పుడు మిగిలిన రెండు సరియైనవని చెప్పుకొని లాభమేమి?

ఒకరు ఇట్లనవచ్చును: అయ్యగారూ, ఆనాటినుండి మన సంఘపు లెక్కలు పైసాతో సహా సరిపోవుచున్నవి గదా, గద్దింపు పని చేసినట్లే గదా? నిజమే. మేమును చాలకాలము ఈ మాటతోనే ఓదార్చుకొంటిమి. సంఖ్యాకాండము 20వ అధ్యాయము చదువుడి. బండతో మాటలాడుమని దేవుడు మోషేకు సెలవియ్యగా, అతడు ప్రజలను ద్రోహులని పిలిచి, కఱ్ఱతో రెండుమారులు బండను కొట్టెను. నీళ్లు రాలేదా? సమృద్ధిగా వచ్చెను. ప్రజలు త్రాగిరి, పశువులు త్రాగెను. అయినను దేవుడు దానిని మెచ్చుకొనలేదు. ఆ దెబ్బల నిమిత్తము మోషే వాగ్దాన దేశమునకు వెలుపలనే ఆగిపోయెను. ఫలము కనబడినది గనుక పద్ధతి సరియైనదని తలంచుట దైవసేవకులకు పెద్ద శోధన. మాట చాలిన చోట దెబ్బ కొట్టినయెడల, నీళ్లు వచ్చినను నష్టము నష్టమే.

మరియొక సంగతి గమనించుడి. సొలొమోను కట్టించిన మందిరములో రాళ్లను ముందుగానే సిద్ధపరచి తెచ్చిరనియు, కట్టుచోట సుత్తి చప్పుడుగాని గొడ్డలి చప్పుడుగాని వినబడలేదనియు మొదటి రాజుల గ్రంథము 6వ అధ్యాయములో నున్నది. రాతికి దెబ్బలు తప్పలేదు, కాని అవి మందిరములో పడలేదు, దూరముగా పడెను. తప్పు చేసినవానియొద్దకు నీవు వెళ్లి, నీవును అతడును ఒంటరిగా నున్నప్పుడు చెప్పుమని ప్రభువు మత్తయి 18లో నేర్పిన క్రమమును ఇదియే. ఒంటరిగా చెప్పవలసిన మాటను మేము మందిరములో చెప్పితిమి. ఈ వచనముమీద మేము ఎన్నిసార్లు ప్రసంగించితిమో లెక్కలేదు.

మరి కొందరు, మేము దెబ్బలు తినియే పెరిగితిమి, దెబ్బలే మమ్మును మనుష్యులను చేసినవని యందురు. మేమును హాస్టలులో బెత్తము క్రింద పెరిగినవారమే. కొట్టబడినవాడు కొట్టుట నేర్చుకొనును, అది వేరొకనికి నేర్పును, ఈ వరుసకు అంతు లేదా? ఇక్కడ కొలిమిలో చూచిన చిన్న సంగతి మాకు ఉపకరించెను. ఆచారిగారు క్రొత్త సుత్తికి రూపు దిద్దినది ఆ గొడుగు విచ్చుకొనిన పాత సుత్తితోనే. సుత్తి చేయుటకు సుత్తి కావలెను, ఆ సుత్తి చేయుటకు మరియొక సుత్తి కావలెను. 1677లో మరణానంతరము అచ్చైన ఒక గ్రంథములో స్పినోజా అను హాలండు దేశపు తత్త్వవేత్త ఈ చిక్కునే ఎత్తుకొని, అట్లయితే మనుష్యులు ఇనుము పని ఎప్పుడును నేర్చుకొనలేరని వాదించుట వ్యర్థమని చూపెను. మొదట మనుష్యులు తమకు సహజముగా దొరికిన వాటితో కష్టపడి మోటు వస్తువులు చేసిరి, వాటితో కొంచెము మేలైనవి, వాటితో ఇంకను మేలైనవి చేసిరి. అనగా మేలైన సుత్తిని చేయుటకు లోపములేని సుత్తి అక్కరలేదు. మమ్మును కొట్టినవారు మోటువారైనను, మేము తరువాతివారికి కొంచెము మేలైన చేతినే అందింపవచ్చును. మాకు అట్లే జరిగినదను మాట సాకు మాత్రమే, విధి కాదు.

ఇంకొక హెచ్చరిక. లోపలి వేడి మంచిది గదాయని ఆచారిగారు దానిని ఇష్టమువచ్చినంతసేపు పారనియ్యలేదు. తేనె రంగు అంచునకు రాగానే నీట ముంచి ఆపెను. ఇంకను ఆలసించినయెడల నీలము కూడ దాటిపోయి మొగము మరల మెత్తబడును, చేసిన పనియంతయు వ్యర్థమగును. దయకును కొలత కలదు. జరిగినదేదో జరిగినది, డబ్బు సంగతి మరచిపోదమని చెప్పుట దయ కాదు, అది ఆ యువకుని చిన్నపిల్లవానిగా ఎంచుట. కొరింథు సంఘము శిక్షించిన మనుష్యుని గూర్చి పౌలు, శిక్ష చాలును, ఇక క్షమించి ఆదరించుడి, లేనియెడల అతడు దుఃఖములో మునిగిపోవునని వ్రాసెను. తప్పు లేదని వ్రాయలేదు. చాలునని వ్రాసెను. చాలునను మాట ఎప్పుడు చెప్పవలెనో ఎరుగుటయే జ్ఞానము. మేము ఐదేండ్లు చెప్పలేదు.

మధ్యాహ్నము ఆచారిగారు తుమ్మకఱ్ఱ కామను బిగించి, చీల కొట్టి, సుత్తిని మా చేతికిచ్చెను. దాగలిమీద ఒక ఇనుప ముక్కను కొట్టి చూచితిమి. దెబ్బ దిట్టముగా పడెను, చెయ్యి మాత్రము జలదరింపలేదు. "కఱ్ఱ మింగేస్తుంది అయ్యగారూ. కొట్టినవాడి చెయ్యికూడా బతకాలిగా" అనెను. మా ప్రహరీగోడ పనికి అట్టిదే ఇంకొకటి చేయుమని చెప్పి, ఆయన అడిగినంతయు బేరము లేకుండ ఇచ్చి వచ్చితిమి.

ఆ వారమే పిడుగురాళ్లకు వెళ్లితిమి. బట్టీలో భోజన విరామము. ఆ యువకుడు ఒళ్లంతయు సున్నపు పొడితో వేపచెట్టు క్రింద కూర్చుండియుండెను. మమ్మును చూచి లేచి, చేతులు కడుగుకొని, చెంబుతో మంచినీళ్లు తెచ్చి యిచ్చెను. త్రాగి, "బాబూ, నీ తప్పు తప్పే. దానిని చెప్పిన చోటును, చెప్పిన తీరును మా తప్పు. ముందుగా నిన్ను అడుగకపోవుట ఇంకను పెద్ద తప్పు. మమ్మును క్షమించు" అంటిమి. అతడు చాలసేపు నేలవైపు చూచెను. తుదకు, "అమ్మకి మోకాళ్ళు ఎట్టా ఉన్నాయి అయ్యగారూ?" అని మాత్రము అడిగెను. ఉన్నదున్నట్లు చెప్పితిమి. పనికి కూత వేయగా వెళ్లిపోయెను.

మరుసటి నెల తల్లి ఆలయము ముగిసిన తరువాత మాయొద్దకు వచ్చి, కొంగు ముడి విప్పి 600 రూపాయలు మా చేతిలో పెట్టి, యౌవనుల లెక్కలో వ్రాయమన్నాడని చెప్పెను. వ్రాసితిమి. ఆ యువకుడు ఇంకను ఆలయమునకు రాలేదు. వచ్చుటయు రాకపోవుటయు అతని యిష్టము. అతడు వచ్చినయెడలనే మేము వెళ్లుట సరియైనదగునని కాదు, వెళ్లవలసియుండెను గనుక వెళ్లితిమి.

ప్రియులారా, ఈ వ్రాతను చదువుచున్న మీలో ఎవరి నోటనైనను నేడు గద్దింపు మాట సిద్ధముగా నున్నయెడల, కుమారుని గూర్చియైనను, కోడలిని గూర్చియైనను, సంఘములోని బలహీనుని గూర్చియైనను, దానిని పలుకకముందు ఒక్కసారి మీ నడుమను చేయి పెట్టి చూచుకొనుడి. అక్కడ వేడి యున్నయెడల వెళ్లి, ఒంటరిగా, సూటిగా చెప్పుడి. లేనియెడల ఆ దినమునకు ఊరకుండి, మొదట మీరే కొలిమిలోనికి పొండి.

ప్రభువా, నీ చేతిలోని పనిముట్లమైన మేము మా గట్టితనమును గూర్చి అతిశయపడకుండునట్లును, మా మెత్తదనమును ప్రేమయని పిలువకుండునట్లును మమ్మును కాపాడుము. మా దెబ్బవలన దూరమైపోయినవారిని వెదకి వెళ్లు కాళ్లను మాకు దయచేయుము. ఆమేన్.